భారీ యంత్రం మరమ్మతు బిల్లు ఎక్కువగా వచ్చిందా? డీలరు ముందు అభ్యంతరం ఎలా పెట్టాలి

డీలరు నుంచి పెద్ద బిల్లు రాగానే చాలామంది యజమానులు సర్వీస్ మేనేజరుకు ఫోన్ చేసి, కాస్త తగ్గించమని అడుగుతారు. ఆయన కొంత శాతం తగ్గిస్తాడు, యజమాని సంతృప్తి పడతాడు, బిల్లులోని తప్పు మాత్రం ఎవరూ గుర్తించకుండానే ఉండిపోయి తరువాతి బిల్లులో మళ్లీ వస్తుంది. మొత్తం ఎక్కువైందని చెప్పడం అభ్యంతరం కాదు. ఫలానా వరుసలోని ఫలానా గంటలు ఫలానా కారణం వల్ల నేను చెల్లించవలసినవి కావని కాగితం మీద చూపించడమే అభ్యంతరం. ఎక్స్‌కవేటరైనా, లోడరైనా, డోజరైనా పద్ధతి ఒక్కటే.

ముందుగా కాగితాలు

బిల్లు, జాబ్ కార్డు (చేసిన పనులు, పట్టిన గంటలు రాసే వర్క్‌షాపు కాగితం), మీరు ఆమోదించిన అంచనా, మెకానిక్ రాసిన సర్వీస్ రిపోర్టు, పని మొదలుపెట్టిన, ముగించిన సమయాల నమోదు, పార్టు నంబర్లతో విడిభాగాల జాబితా, ఇవన్నీ ఒకే ఈమెయిల్‌లో అడిగి తెప్పించుకోండి. విప్పిన పాత భాగాలను పారవేయవద్దని కూడా అదే ఈమెయిల్‌లో రాయండి. అన్నిటినీ ముద్రించుకుని పెన్సిల్‌తో కూర్చోవాలి. ఫోన్ తెర మీద బిల్లు పరిశీలన జరగదు.

అంచనా కాగితాన్ని ఒకసారి నిదానంగా చదవండి. అది కేవలం అంచనానా, కట్టుబడి ఉండవలసిన కొటేషనా, ఇంత మొత్తం దాటితే ముందుగా అనుమతి తీసుకోవాలన్న షరతు ఉందా అన్నది చూసుకోవాలి. ఆ హద్దును మిమ్మల్ని అడగకుండా దాటి ఉంటే మీ ఉత్తరంలో మొదటి అంశం అదే.

విడిభాగాలు, ఆయిళ్లు

ఇది తేలికైన భాగం. సీల్ కిట్ (ఆయిల్ కారకుండా ఆపే సీళ్ల సెట్టు) వేసి, ఆ కిట్‌లోనే ఉండే ఓ-రింగులను (గుండ్రటి రబ్బరు సీళ్లను) విడిగా మళ్లీ రాశారేమో చూడండి. పునర్నిర్మించిన భాగం తీసుకున్నప్పుడు పాత భాగం తిరిగి ఇచ్చేదాకా వసూలు చేసే డిపాజిట్ వెనక్కి వచ్చిందో లేదో చూడండి. ఆయిల్ లీటర్లను ఆపరేటర్ మాన్యువల్‌లోని సామర్థ్యంతో పోల్చండి. హైడ్రాలిక్ ఆయిల్‌కు మాన్యువల్ రెండు అంకెలు ఇస్తుంది: ట్యాంకుకు ఒకటి, మొత్తం వ్యవస్థకు మరొకటి. 20 టన్నుల తరగతి ఎక్స్‌కవేటర్‌లో సాధారణంగా మొదటిది 100 లీటర్లకు పైన, రెండవది 200 లీటర్లకు పైన ఉంటుంది. ట్యాంకు మాత్రమే ఖాళీ చేసిన పనికి మొత్తం వ్యవస్థకు పట్టే ఆయిల్ రాస్తే కారణం అడగవలసిందే.

గంటల లెక్క: తొందరపడకూడని చోటు

అసలు వాదన అంతా లేబర్ గంటల దగ్గరే ఉంటుంది, అభ్యంతరాలు వీగిపోయేదీ ఇక్కడే. "ఇది నాలుగు గంటల పని, పదకొండు ఎందుకు వేశారు?" అని మొదలుపెట్టకండి. ఆ నాలుగు గంటలు ఎక్కడివని మేనేజరు అడిగితే మీ దగ్గర జవాబు ఉండదు, దానితో మీ మిగిలిన న్యాయమైన అభ్యంతరాలు కూడా తేలికైపోతాయి.

తయారీ సంస్థలు ఒక్కొక్క మరమ్మతుకు ప్రామాణిక సమయాన్ని నిర్ణయిస్తాయి, వారంటీ పనులకు డీలర్లకు సాధారణంగా ఆ లెక్క ప్రకారమే చెల్లిస్తాయి. మీ పనికి ఆ సమయం ఎంతో రాతపూర్వకంగా అడగండి. కానీ ఆ అంకె చేతికి రాగానే తేడా అంతా తిరిగి రావాలని లెక్కకట్టడం పెద్ద పొరపాటు. ప్రామాణిక సమయం శుభ్రంగా ఉన్న యంత్రానికి, సరైన పనిముట్లు అందుబాటులో ఉన్న పరిస్థితికి వేసినది. లోపం ఎక్కడుందో వెతకడం, గట్టిపడిన మట్టినీ గ్రీజునూ కడగడం, తుప్పుపట్టి విరిగిన బోల్టును తీయడం, సైటుకు ప్రయాణించడం సాధారణంగా అందులో ఉండవు. అవి నిజంగా జరిగి ఉంటే వాటికి చెల్లించాలి. మీరు వెతకవలసింది ఆ అదనపు గంటలకు సర్వీస్ రిపోర్టులో వివరణ ఉందా లేదా అన్నది మాత్రమే. వివరణ లేని గంటలను విడిగా రాసుకోండి.

తరువాత, రెండు పనులు కలిసే చోట్లు చూడండి. ఎక్స్‌కవేటర్‌లో మెయిన్ పంపునూ, ఇంజిన్‌కూ పంపుకూ మధ్య ఉండే కప్లింగ్‌నూ ఒకేసారి మార్చారనుకుందాం. కప్లింగ్ మార్చాలంటే పంపు విప్పాలి కనుక, పంపును విప్పి బిగించే సమయం రెండు పనుల లెక్కలోనూ ఉంటుంది. మెకానిక్ పంపును విప్పింది ఒక్కసారే. రెండు పనుల పూర్తి గంటలూ బిల్లులో ఉంటే, కలిసిన భాగాన్ని ఒకసారి తీసివేయమని అడగడం మీ హక్కు. నా అనుభవంలో డీలర్లు ఎక్కువ వాదన లేకుండా ఒప్పుకునే తప్పు ఇదే, యజమానులు అతి తక్కువగా గమనించేదీ ఇదే.

సమయాల నమోదును తేదీల వారీగా కూడండి. బిల్లులో గంటలు దశాంశాల్లో ఉంటాయి: 0.1 అంటే 6 నిమిషాలు, 2.5 అంటే రెండున్నర గంటలు. దీన్ని రెండు గంటల ఐదు నిమిషాలుగానో, రెండు గంటల యాభై నిమిషాలుగానో చదివి ఫిర్యాదు రాసినవారిని చూశాను. అలాంటి ఉత్తరాన్ని ఆ తరువాత ఎవరూ పట్టించుకోరు. ఇద్దరు మెకానిక్‌ల పేర్లు కనిపించినంత మాత్రాన అభ్యంతరపెట్టకండి. ఫైనల్ డ్రైవ్ (ట్రాకును తిప్పే గేర్ల పెట్టె), బూమ్ సిలిండర్ (యంత్రం చేతిని ఎత్తే సిలిండర్) వంటి బరువైన భాగాలను ఒక్కరే దించడం ప్రమాదకరం, అక్కడ రెండో మనిషి ఉండాల్సిందే. ఒక లాప్‌టాప్ తగిలించి లోపాల కోడ్‌లు చదివిన గంటలకు ఇద్దరిని ఎందుకు లెక్కించారని మాత్రం అడగవచ్చు. మరిచిపోయిన పనిముట్టు కోసం తిరిగి వెళ్లిన ప్రయాణం, యంత్రం పక్కన పార్టు కోసం ఎదురుచూసిన సమయం కూడా విడిగా గుర్తించండి.

టెలిమాటిక్స్ సమాచారాన్ని, అంటే ఇంజిన్ ఎప్పుడు నడిచిందో యంత్రం దూరం నుంచే పంపే నమోదును, చాలా జాగ్రత్తగా వాడాలి. ఆ రోజంతా ఇంజిన్ ఆగి ఉందని చూపించి పని జరగలేదని వాదించేవారున్నారు. మరమ్మతు జరుగుతున్నంతసేపూ ఇంజిన్ ఆగి ఉండటమే సహజం. అది పనికివచ్చేది రెండింటికే: చివరి పరీక్ష ఎప్పుడు, ఎంతసేపు చేశారో తెలుసుకోవడానికి, రిపోర్టులోని అవర్ మీటర్ (యంత్రం నడిచిన గంటలను చూపే మీటర్) రీడింగ్ సరైనదేనా అని సరిచూడటానికి.

ఊహించి భాగాలు మార్చిన సందర్భాన్ని విడిగా చూడాలి. ముందు వాల్వు మార్చారు, లోపం పోలేదు, తరువాత పంపు మార్చారు. వాల్వు మార్చడానికి ముందు ప్రెషర్ రీడింగ్ తీసి రాసి ఉంటే అది నిర్ధారణలో భాగమే. రీడింగ్ లేకపోతే ఆ వాల్వు ఖర్చు, దాని గంటలు రెండూ మీ అభ్యంతరంలో చేరాలి. పంపు చెడిన తరువాత వ్యవస్థను శుభ్రం చేయకుండా కొత్తది వేస్తే, మిగిలిన లోహపు రజను దాన్ని కూడా పాడుచేస్తుంది. అందువల్ల కొత్త పంపు త్వరలోనే విఫలమై రెండో బిల్లు వస్తే, మొదటిసారి శుభ్రపరిచిన తరువాత తీసిన ఆయిల్ పరీక్షలో ఐఎస్ఓ 4406 శుభ్రతా కోడ్ (ఆయిల్‌లో ఎన్ని రేణువులున్నాయో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం) ఎంత వచ్చిందో అడగండి.

ఉత్తరం, చెల్లింపు

ఉత్తరం ఒక పేజీ దాటకూడదు. బిల్లు వరుస సంఖ్య, వేసిన గంటలు, మీరు అంగీకరించే గంటలు, కారణం, దానికి ఆధారమైన కాగితం. ఇంతకు మించి ఒక్క మాట అవసరం లేదు. వేరే డీలరుకు వెళ్లిపోతానన్న బెదిరింపు, పాత బిల్లుల ప్రస్తావన అసలే వద్దు. దాన్ని సర్వీస్ మేనేజరుకు పంపండి. యంత్రం అమ్మిన సేల్స్ మనిషికి బిల్లు మార్చే అధికారం ఉండదు, మెకానిక్‌ను నిలదీయడం అన్యాయం.

వివాదం లేని మొత్తాన్ని గడువులోపు చెల్లించి, మిగిలినది ఏ వరుసలకు సంబంధించి నిలిపి ఉంచారో అదే రోజు రాయండి. బిల్లు మొత్తం ఆపేస్తే మీ ఖాతాకు పార్టుల సరఫరా నిలిచిపోవచ్చు. యంత్రం ఇంకా వర్క్‌షాపులోనే ఉంటే, చెల్లించేదాకా దాన్ని ఉంచుకునే హక్కు చాలాచోట్ల మరమ్మతు చేసినవారికి ఉంటుంది. యంత్రం లేక పని ఆగిపోయేటట్లయితే, అభ్యంతరంతో చెల్లిస్తున్నానని రాతపూర్వకంగా తెలిపి, పూర్తిగా చెల్లించి యంత్రాన్ని తెచ్చుకున్న తరువాతే వాదన కొనసాగించండి.

వారంటీ ముగిసిన కొద్దికాలానికే పెద్ద భాగం విఫలమైతే, తయారీ సంస్థ ఖర్చులో వాటా భరిస్తుందేమో విచారించమని డీలరును కోరండి. మీ యంత్రం సీరియల్ నంబరుకు ఉచిత మరమ్మతు కార్యక్రమం ఏదైనా ప్రకటించారేమో కూడా అదే ఉత్తరంలో అడగండి.

అంగీకారం కుదిరితే తరువాతి బిల్లులో సర్దుతామన్న మాటకు ఒప్పుకోకుండా, పాత బిల్లు నంబరుతో క్రెడిట్ నోట్ (ఆ బిల్లులో ఇంత తగ్గించామని డీలరు ఇచ్చే కాగితం) తీసుకోండి. నిలిపి ఉంచిన మొత్తం మీద ఆలస్య రుసుము వేసి ఉంటే అదీ ఆ నోట్‌లోనే రద్దు కావాలి, జాబ్ కార్డులోని గంటలను కూడా సరిదిద్దించి ఆ ప్రతిని యంత్రం సర్వీస్ ఫైలులో పెట్టుకోవాలి.