రాగి కోత అయ్యాక దుక్కి: పదును ఉండగానే, బండి ఆగకుండా

హోస్కోట, మాలూరు, దేవనహళ్లి, చిక్కబళ్లాపురం వైపు మెట్ట చేలల్లో రాగి కోత నవంబరు, డిసెంబరుల్లో పడుతుంది. అప్పటికి నేలలో ఉన్న తడి వెనకటి వానలు వదిలి వెళ్లిందే. మళ్లీ గట్టి వాన ఏప్రిల్, మే దాకా నమ్మలేం. ఇక్కడి ఎర్ర నేల ఆరిందంటే ఇటుకలా బిగుసుకుంటుంది. దుక్కికి చేతిలో ఉండేవి కొద్ది రోజులే. అందుకే కోత మొదలయ్యేలోపే ట్రాక్టరూ మడకా (నాగలి) సిద్ధంగా ఉండాలి. పైగా ఈ కాలంలో చూసే విరుగుళ్లలో ఎక్కువ భాగం పదును, అంటే దున్నడానికి తగిన తడి, పోయిన నేలను బలవంతంగా దున్నడం వల్ల వచ్చేవే.

పదును చూడటానికి చేనులో నాలుగైదు చోట్ల పారతో అరడుగు లోతు తవ్వండి. పైమట్టి వద్దు, అడుగు మట్టి తీసి పిడికిట్లో నొక్కండి. ఉండ కట్టి, బొటనవేలితో ఒత్తగానే పొడిగా రాలిపోతే ఆ రోజే మడక దించొచ్చు. వేళ్లకు అంటుకుంటూ సాగితే రెండు మూడు రోజులు ఆగండి. తడి నేలలో టైరు, కర్రు నడిచిన చోట అడుగున గట్టి పొర ఏర్పడి, వచ్చే పంట వేళ్లు కిందికి దిగవు. అసలు ఉండే కట్టకపోతే లోతు దుక్కి ఆశ వదిలేయండి. అప్పుడు మడక దించితే పెద్ద పెద్ద పెళ్లలు లేస్తాయి, కర్రు అరుగుతుంది, డీజిల్ తాగుతుంది. తొలి వేసవి జల్లు పడేదాకా ఆగడమే మేలు. రాగిలో అనపకాయ సాళ్లు వేసిన చేలకు ఈ తొందర వర్తించదు. కాయ జనవరి దాకా వస్తూనే ఉంటుంది, వాటికీ వేసవి జల్లే దిక్కు.

ఏ పనిముట్టు వాడాలి? రెక్క నాగలితో 8, 9 అంగుళాల లోతు దుక్కి రెండు మూడేళ్లకు ఒకసారి చాలు. గరిక, తుంగ ముదిరిన చేలకు అది తప్పదు. గడ్డలు పైకి వచ్చి ఎండుతాయి, మోళ్లలో దాగిన కాండం తొలిచే పురుగూ మట్టిలోని పురుగులూ బయటపడి కొంగలకు దొరుకుతాయి. మిగతా ఏళ్లలో తొమ్మిది పళ్ల కల్టివేటర్‌తో 5 అంగుళాలు సరిపోతుంది. రాళ్లు ఎక్కువున్న చేలకు డిస్క్ నాగలి మంచిది, రాయి తగిలితే దాని మీదుగా దొర్లిపోతుంది. రోటవేటర్ మాత్రం ఇప్పుడు వద్దు. ఎర్ర మట్టిని పిండి చేస్తుంది, ఆ పిండి తొలి వానకే పైన పెచ్చు కట్టి నీటిని లోపలికి పోనివ్వదు. దుక్కికి గరుకుగా ఉండటమే అందం. సొంత నాగలి లేనివారికి కర్ణాటక ప్రభుత్వ కృషి యంత్రధారె కేంద్రాల్లో బాడుగకు దొరుకుతుంది.

మడక తగిలించేటప్పుడు ట్రాక్టరు వెనక దాన్ని పట్టే మూడు చేతుల్లో ముందు ఎడమ లింకు, తర్వాత కుడి, చివర నడుమ పైనుండే టాప్ లింకు. విప్పేటప్పుడు దీనికి సరిగ్గా తిరగేసి. కర్రు నేలలోకి దిగకుండా పైపైనే జారుతుంటే టాప్ లింకును కొద్దికొద్దిగా పొట్టి చేయండి, ముక్కు కిందికి వంగుతుంది. మరీ లోతుకు పోతూ ఇంజన్ మూలుగుతుంటే పొడవు చేయండి. మొదటి సాలు అయ్యాక కుడి చక్రం సాలులో నడుస్తుంది కాబట్టి బండి పక్కకు ఒరుగుతుంది. కుడి లింకు సర్దే పిడి తిప్పి మడకను నేలకు సమంగా తేవాలి. చాలామంది ఈ ఒక్క పని మరిచిపోయి దుక్కి సమంగా రాలేదని నేలను తిడతారు. సాలు ఎప్పుడూ వాలుకు అడ్డంగానే సాగాలి. బండి తిరగడానికి రెండు కొసలా 20 అడుగులు వదిలి, వాటిని ఆఖరున దున్నండి.

చక్రం ఎంత జారుతోందో కొలవడం తేలిక. వెనక టైరు మీద సుద్దతో గీత గీసి, మడక ఎత్తి పట్టి పది చుట్లకు బండి ఎంత దూరం పోయిందో కొలవండి. తర్వాత మడక దించి అదే పది చుట్లు. ఎత్తినప్పుడు 40 మీటర్లు, దించినప్పుడు 35 వస్తే తేడా 5, అంటే పన్నెండున్నర శాతం. 15 దాటితే డీజిలూ టైరూ రెండూ కరుగుతున్నట్టే. లోతు ఒక అంగుళం తగ్గించండి, లేదా టైర్లలో ముప్పాతిక వంతు నీళ్లు నింపించండి. వేగం గంటకు 4 కిలోమీటర్లు చాలు, అంటే 40 మీటర్లకు 36 సెకన్లు.

ఇక బండి మొరాయించే సంగతి. చలి పొద్దున సెల్ఫ్ కొడితే టక్ మని ఊరుకుంటే ముందు బ్యాటరీ కొనలు చూడండి. తెల్లటి ఉప్పు పేరుకుని ఉంటే వేడినీళ్లతో కడిగి, గీకి, బిగించి, వాజ్‌లిన్ పూయండి. పది సెకన్లకు మించి సెల్ఫ్ పట్టుకోవద్దు, మధ్యలో అర నిమిషం ఆగండి.

స్టార్టయి రెండు నిమిషాల్లో ఆగిపోతే డీజిల్ లైనులో గాలి చేరిందని అర్థం. ట్యాంకు అడుగంటేదాకా నడపడం, ఫిల్టరు వాషరు వదులవడం దీనికి కారణాలు. మొదటి ఫిల్టరు మీది గాలి స్క్రూ రెండు చుట్లు వదులు చేసి, ఫీడ్ పంపు చేతిపిడి కొడుతూ ఉండండి. బుడగలు పోయి డీజిల్ ధారగా వచ్చాక, కొడుతూనే బిగించండి. తర్వాత రెండో ఫిల్టరు, ఆ తర్వాత ఇంజెక్షన్ పంపు. ఈ వరస తప్పితే గాలి వెనక్కే తిరుగుతుంది. చలి రాత్రుల్లో సగం ఖాళీ ట్యాంకు లోపల నీటి చెమ్మ పడుతుంది. కాబట్టి సాయంత్రం దిగేటప్పుడే ట్యాంకు నింపి, పొద్దున ఫిల్టరు అడుగు నీళ్లు వదలండి.

ఇంజన్ వేడెక్కితే అనుమానం ముందు రాగి పొట్టు మీద పెట్టుకోండి. కోత చేలల్లో అది రేడియేటర్ రెక్కల మధ్య దిండులా నిండుతుంది. ఇంజన్ వైపు నుంచి బయటికి గాలి కొట్టి ఊడగొట్టండి. ఫ్యాన్ బెల్టు బొటనవేలితో నొక్కితే అర అంగుళం దాకా దిగాలి, అంతకన్నా ఎక్కువైతే వదులు. వేడి మీద రేడియేటర్ మూత తీయకండి, అరగంట ఆగాల్సిందే. నల్ల పొగ వస్తూ బలం తగ్గితే ఎయిర్ క్లీనర్ చూడండి. ఆయిల్ గిన్నె ఉన్న రకమైతే దుమ్ములో దున్నే రోజుల్లో రోజూ విప్పి, అడుగున బురద చేరితే ఆయిల్ మార్చాలి.

లిఫ్టు మడకను ఎత్తకపోతే బండిని చదును నేల మీద పెట్టి ఆయిల్ కొలపుల్ల చూడండి. పాలలా తెల్లగా ఉంటే నీళ్లు కలిశాయి. నురగ ఉంటే ఎక్కడో గాలి పీలుస్తోంది, పైపు జాయింట్లు బిగించండి. ఆయిల్ సరిగ్గా, శుభ్రంగా ఉన్నా మడక లేనప్పుడు లింకులు లేచి, బరువుకు లేవకపోతే అది పంపు పని, మెకానిక్‌కే వదిలేయండి. ఎత్తి ఉన్న మడక కిందికి మాత్రం ఎవరూ దూరవద్దు. దించి, ఇంజన్ ఆపాకే చేయి పెట్టాలి.

రాయి తగిలి షియర్ బోల్టు తెగితే బాధపడాల్సిన పని లేదు, మడక చట్రాన్ని కాపాడటానికే అది ముందు తెగుతుంది. దాని చోట చేతికి దొరికిన గట్టి బోల్టు వేస్తే మరుసటి రాయికి చట్రమే వంగుతుంది. అదే సైజు, అదే గ్రేడు బోల్టులు ఆరు డబ్బాలో ఉంచుకోండి. వాటితోపాటు కల్టివేటర్ పళ్లు నాలుగు, ఒక స్ప్రింగు, ఫ్యాన్ బెల్టు, డీజిల్ ఫిల్టర్లు, రాగి వాషర్లు, లింకు పిన్నులు. కల్టివేటర్ పళ్లు ఒక కొన అరిగితే తిప్పి రెండో కొన వాడొచ్చు. మొదటి గంట దున్నగానే అన్ని బోల్టులూ మరోసారి బిగించండి, మొదట్లోనే అవి వదులవుతాయి.

బేరింగు, ఆయిల్ సీలు పోతే బెంగళూరు జేసీ రోడ్డులో దొరుకుతాయి గానీ రానూ పోనూ ఒక పూట గడిచిపోతుంది. పాత భాగాన్నే వెంట తీసుకెళ్లండి. బేరింగు అంచు మీద అంకె చెక్కి ఉంటుంది; సీలు మీద లోపలి కొలత, బయటి కొలత, మందం మూడూ ఉంటాయి. అవి ఫోన్లో ఫోటో తీసి దుకాణానికి ముందే పంపితే ఖాళీ చేతులతో తిరిగి రానక్కర్లేదు.

పని అయ్యాక రెక్క మీది మట్టి గీకి, కడిగి, ఆరాక పాత ఇంజన్ ఆయిల్ పూసి, చెక్క మీద నిలబెట్టండి. తుప్పు పట్టిన రెక్కకు మట్టి అతుక్కుని, మళ్లీ దున్నేటప్పుడు సాలు తిరగబడదు.