అద్దె కోసం ఫ్లాట్ కొనాలనుకునే కుర్రకారుకి – 3వ పాఠం: చేతికి అసలు ఎంత మిగులుద్ది?

పోయిన పాఠంలో బ్యాంకు ఎంత ఇస్తుంది, మనం ఎంత పెట్టుకోవాలి అన్నది చూశాం కదా, లోన్ 30 లక్షలు దాటి 75 లక్షల లోపు ఉంటే ఇంటి విలువలో 80 శాతం వరకే ఇస్తారు, రిజిస్ట్రేషన్ ఖర్చు అందులో కలపరు, అది మన జేబులోంచే. ఇవాళ ఒకటే పని, అద్దె లెక్క. హైదరాబాదునే తీసుకుంటున్నా, వైజాగ్, విజయవాడ వాళ్ళు అంకెలు మార్చుకోండి, పద్ధతి మాత్రం ఇదే.

ముందు బ్రోకర్ చెప్పే లెక్క చూద్దాం. నిజాంపేట వైపు ఒక డబుల్ బెడ్రూమ్ ఫ్లాట్ 60 లక్షలు, అద్దె 20 వేలు అనుకోండి (ఉదాహరణకే, ఈ రేటుకి దొరుకుద్దని కాదు). ఏడాదికి 2 లక్షల 40 వేలు, అంటే 4 శాతం. వినడానికి బానే ఉంది.

ఇప్పుడు మన లెక్క. తెలంగాణలో స్టాంప్ డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం, కొన్న రేటు మొత్తం మీద కడితే 4.5 లక్షలు. కప్‌బోర్డులు, కిచెన్ పని లేని ఇంట్లో ఫ్యామిలీలు తొందరగా దిగరు, దానికో 3 లక్షలు వేసుకోండి. అంటే మనం పెట్టింది 60 కాదు, 67.5 లక్షలు. కట్టుబడిలో ఉన్న ఫ్లాట్ అయితే దీని మీద జీఎస్టీ కూడా ఉంటుంది, ఓసీ (కట్టడం పూర్తయింది, ఉండొచ్చు అని మున్సిపాలిటీ ఇచ్చే సర్టిఫికెట్) వచ్చేసిన ఫ్లాట్‌కి ఉండదు.

అద్దె వైపు కూడా అంతే, 12 నెలలూ వస్తుందని రాసుకోకండి. 11 నెలలే రాసుకోండి, 2 లక్షల 20 వేలు. అందులో బ్రోకర్‌కి సగం నెల అద్దె 10 వేలు, ప్రాపర్టీ టాక్స్ 6 వేలు, పెయింటు, ప్లంబర్, గీజరు ఇలాంటివాటికి 11 వేలు, ఇల్లు ఖాళీగా ఉన్న నెల మెయింటెనెన్స్ 3 వేలు (మనిషి ఉంటే అద్దెకున్నవాళ్ళే కడతారు, ఖాళీ అయితే ఓనర్ కట్టాల్సిందే). మిగిలింది లక్షా 90 వేలు. 67.5 లక్షల మీద చూస్తే 2.8 శాతం. 4 శాతం అన్నది ఎక్కడికొచ్చిందో చూశారుగా.

ఇప్పుడు దీని పక్కన ఈఎంఐ పెట్టండి. 60 లక్షల్లో 80 శాతం, అంటే 48 లక్షల లోన్, 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్ళు అయితే నెలకి దగ్గర దగ్గర 41,650. అద్దెలో మిగిలేది నెలకి 15,800. తేడా దాదాపు 26 వేలు, అది ప్రతి నెలా మీ జీతంలోంచి పోతుంది. "అద్దెతో ఈఎంఐ కట్టేయొచ్చు సార్" అని ఎవరన్నా అంటే ఈ కాగితం వాళ్ళ ముందు పెట్టండి, వెంటనే "ఫ్లాట్ రేటు పెరుగుద్ది కదా సార్" అంటారు. పెరగొచ్చు, నేను కాదనను, కానీ రేటు పెరుగుద్దని కొనడం వేరే వ్యాపారం, దాన్ని అద్దె ఆదాయం అని పిలుచుకుని మనల్ని మనం మోసం చేసుకోవద్దు.

టాక్స్ మిగులుద్ది అనేది ఇంకోటి. ఇన్‌కమ్ టాక్స్ పాత రెజీమ్‌లో ఉంటే ఇంటి మీద నష్టాన్ని (అద్దె కన్నా లోన్ వడ్డీ ఎక్కువైతే వచ్చే తేడా) ఏడాదికి 2 లక్షల దాకా జీతంలోంచి తగ్గించుకోవచ్చు. కొత్త రెజీమ్‌లో అద్దెకిచ్చిన ఇంటి వడ్డీని ఆ అద్దెలోంచి తీసుకోనిస్తారు గానీ నష్టం వస్తే జీతం జోలికి రానివ్వరు. ఈమధ్య ఉద్యోగంలో చేరినవాళ్ళు చాలామంది కొత్తదాన్లోనే ఉంటారు, మీరు ఎందులో ఉన్నారో ఆఫీసులో అడిగి తెలుసుకోండి.

ఇక ఆ 20 వేల అంకె ఎక్కడ దొరుకుద్ది? యాప్‌లో ఉన్నది ఓనర్ అడిగే అద్దె, ఇచ్చే అద్దె కాదు. కొనేవాడిలా కాకుండా అద్దెకి ఇల్లు వెతికేవాడిలా వెళ్ళండి, టూలెట్ బోర్డు ఉన్న అపార్ట్‌మెంట్లో వాచ్‌మన్‌ని పలకరించండి, ఎన్ని ఖాళీగా ఉన్నాయి, ఎన్నాళ్ళ నుంచి, పోయినసారి ఎంతకి దిగారు, బ్యాచిలర్స్‌కి ఇస్తారా, మంజీరా నీళ్ళు (కుళాయి నీళ్ళు) వస్తాయా లేక బోరేనా అని అడగండి. నీళ్ళ ప్రశ్న మర్చిపోవద్దు, బోరు ఎండిపోయి ఎండాకాలం ట్యాంకర్లు తెప్పించే చోట మెయింటెనెన్స్ పెరుగుద్ది, మెయింటెనెన్స్ పెరిగితే అద్దె తగ్గించమంటారు. తూర్పు ఫేసింగ్ ఫ్లాట్ తొందరగా పోవడం, అదే బిల్డింగులో దక్షిణం ఫేసింగ్‌ది నెలలకొద్దీ బోర్డు వేలాడటం కూడా చూస్తారు, మీకు వాస్తు మీద నమ్మకం లేకపోయినా దిగేవాళ్ళకి ఉంటుంది.

ఖాళీ నెలలకీ ఒక క్యాలెండర్ ఉంది. పిల్లలున్న ఫ్యామిలీలు స్కూళ్ళు తెరవకముందే, ఏప్రిల్, మే నెలల్లో ఇల్లు మారతారు. ఆషాఢం వచ్చిందంటే పాలు పొంగించడానికి చాలామంది ఒప్పుకోరు, శ్రావణం దాకా ఆగుతారు. జూన్ ఆఖర్లో ఇల్లు ఖాళీ అయితే కనీసం నెలన్నర అద్దె పోయినట్టే రాసుకోండి, అగ్రిమెంటు 11 నెలలకి రాసుకునేటప్పుడే అది ఏ నెలలో ముగుస్తుందో చూసుకుంటే ఈ గొడవ సగం తగ్గుద్ది, ఎవరూ చూసుకోరు.

అదే డబ్బుకి సొంతూళ్ళో రెండు మూడు పోర్షన్ల ఇల్లు వస్తే అద్దె శాతం ఎక్కువే రావచ్చు, కాకపోతే ముగ్గురితో వ్యవహారం, మోటారు ఎవరు వేశారు, మెట్లు ఎవరు కడగాలి అన్న పంచాయితీలు కూడా మీవే. ఉద్యోగం వేరే ఊళ్ళో అయితే నేనైతే వద్దంటాను.

హోంవర్క్: మీకు బాగా తెలిసిన ఒకే ఏరియాలో మూడు అపార్ట్‌మెంట్లు పట్టుకోండి, ఒక్కోదానికి ఒక పేజీ, పైన మొత్తం పెట్టుబడి, కింద 11 నెలల అద్దె, ఖర్చులు, చివర్లో శాతం, పక్కన ఈఎంఐ తేడా. ఆ తేడా మీ చేతికొచ్చే జీతంలో నాలుగో వంతు దాటితే ఆ పేజీ పక్కన పెట్టేయండి (ఇది నా సొంత రూలు, బ్యాంకువాళ్ళది ఇంకా ఉదారంగా ఉంటుంది). మూడూ పోతే ఇంకో ఏరియా చూడండి.

వచ్చే పాఠంలో కాగితాలు: ఈసీ (ఆస్తి మీద పాత లావాదేవీలు, తాకట్లు చూపించే కాగితం), లింకు డాక్యుమెంట్లు (ఇంతకుముందు చేతులు మారిన దస్తావేజులు), ఓసీ, రెరా నంబరు, చెరువు ఎఫ్‌టీఎల్ హద్దు (చెరువు నిండితే నీళ్ళు వచ్చే గీత). అప్పటిదాకా ఎవరు తొందరపెట్టినా టోకెన్ అడ్వాన్స్ ఇవ్వకండి, ఐదు వేలైనా సరే.