కోటగోడను చదవడం – 3వ పాఠం: కైరో గుమ్మాలు

పోయిన పాఠంలో బురుజుకీ బురుజుకీ మధ్య దూరం కొలిచాం. ఒక బురుజు మీంచి వదిలిన బాణం పక్క బురుజు మొదలు దాకా అందాలన్నది అందులోని లెక్క. ఈసారి గుమ్మం దగ్గరికి వద్దాం. గోడ ఎంత మందంగా కట్టినా, అందులో కావాలని వదిలిన కంత గుమ్మమే. అందుకే కట్టినవాడి భయమూ తెలివీ రెండూ అక్కడే బయటపడతాయి.

మన పాఠ్యపుస్తకం ఈజిప్టులోని కైరో. 969లో ఫాతిమీ వంశపు ఖలీఫాల సేనాని జౌహర్ ఈ నగరానికి పునాది వేసినప్పుడు చుట్టూ కట్టింది పచ్చి ఇటుకల గోడ. వందేళ్లు దాటాక కరువు, సైనికుల కొట్లాటలతో రాజ్యం కుదేలైంది. అప్పుడు ఖలీఫా ముస్తన్‌సిర్ కబురు పెడితే సిరియా వైపు నుంచి వచ్చి వజీరైన ఆర్మీనియా సంతతివాడు బద్ర్ అల్ జమాలీ. రాతి గోడలూ గుమ్మాలూ కట్టించింది ఆయనే. వాటిలో మూడు గుమ్మాలు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి: ఉత్తరాన బాబ్ అల్ నస్ర్, బాబ్ అల్ ఫుతూహ్ (1087), దక్షిణాన బాబ్ జువైలా (1092). బాబ్ అంటే గుమ్మం. ఫుతూహ్ అంటే జయాలు. గోల్కొండ ఫతే దర్వాజాలోని ఫతే కూడా ఈ మాటకు ఏకవచనమే.

ఇక చదవడం మొదలుపెడదాం. మూడింటి ఫొటోలూ పక్కపక్కన పెట్టుకుని ముందు బురుజుల ఆకారం చూడండి. నస్ర్ బురుజులు నలుచదరం. ఫుతూహ్, జువైలా బురుజుల ముందు భాగం గుండ్రం. చదరపు బురుజు మూల రాయిని గునపంతో పెకలించడం తేలిక, గుండ్రటి దానికి అలా పట్టు దొరికే మూలే లేదు. ఒకే వజీరు ఒకే కాలంలో రెండు రకాలూ ఎందుకు కట్టించాడు? ఎడెస్సా (ఇప్పటి తుర్కియేలోని ఉర్ఫా) నుంచి వచ్చిన ముగ్గురు అన్నదమ్ములు తలా ఒక గుమ్మం కట్టారని 15వ శతాబ్దపు చరిత్రకారుడు మక్రీజీ రాశాడు. ఆ మాట ఎంతవరకు నిజమైనా, పనిలో ఒకటికి మించి చేతులున్నాయని రాళ్లు చూస్తేనే నాకు అనిపిస్తుంది.

తర్వాత కింది నుంచి పైకి చూడండి. బురుజులో దాదాపు మూడింట రెండు వంతుల ఎత్తు వరకు లోపల గది ఉండదు, అంతా గట్టి రాతి కట్టే. సైనికుల గది, బాణాలు వేసే సన్నటి సందులు దాని పైనే. గోడ రాళ్ల మధ్య అక్కడక్కడ గుండ్రటి బిళ్లలు కనిపిస్తే అలంకారం అనుకోకండి. పాత కట్టడాల నుంచి తెచ్చిన స్తంభాలను అడ్డంగా పడుకోబెట్టి, బయటి రాయినీ లోపలి నింపునూ కలిపి కుట్టారు. ఫరోల కాలపు చిత్రలిపి చెక్కిన రాళ్లు కూడా ఈ గోడల్లో ఉన్నాయి.

నస్ర్ బురుజుల మీద డాళ్లు, కత్తులు చెక్కి ఉన్నాయి. అవి ఏ బాణాన్నీ ఆపవు. కత్తి చేతబట్టి అధికారానికి వచ్చిన వజీరు అందరికీ కనబడేలా వేసుకున్న సంతకం అవి. గోడ చదివేటప్పుడు కాపలా పని చేసే రాయి ఏది, మాట్లాడే రాయి ఏది అని విడదీసుకోవాలి. ఈ పాఠంలో మీకు అన్నిటికంటే ముఖ్యంగా అలవాటు కావలసింది ఇదే.

ఇప్పుడు దారి. బద్ర్ గుమ్మాల్లో దారి సూటిగా లోపలికి పోతుంది. ఖలీఫా ఊరేగింపుకు అది బాగుంటుంది, కానీ తలుపు విరిగితే శత్రువు పరుగుకు అడ్డేమీ ఉండదు. 1176 ప్రాంతంలో, ఫాతిమీల తర్వాత ఈజిప్టును ఏలిన సుల్తాన్ సలాహుద్దీన్ కొత్త గోడ తలపెట్టాడు. తూర్పు వైపు అతని కాలపు బాబ్ అల్ బర్కియ్యా చూడండి: లోపలికి వెళ్లినవాడు గోడకు ఎదురై, పక్కకు తిరగాలి. పరుగు ఆగిపోతుంది, పొడవాటి దుంగతో తలుపు గుద్దడానికి చోటు చాలదు. ఆ తూర్పు గోడలో చాలా భాగం వందల ఏళ్లు చెత్తదిబ్బ కింద పూడిపోయి, పక్కన అల్ అజ్హర్ పార్కు తయారయ్యేటప్పుడు మళ్లీ వెలుగు చూసింది.

అయితే మలుపుంటే కొత్తది, లేకపోతే పాతది అని సూత్రం కట్టుకోకండి. 762లో పునాది పడిన బాగ్దాద్ గుండ్రటి నగరం గుమ్మాల్లోనే మలుపు దారి ఉండేది.

చివరగా జువైలా. దాని రెండు బురుజుల మీద రెండు మీనార్లు నిలబడి ఉంటాయి. అవి 15వ శతాబ్దంలో పక్కనే మసీదు కట్టించిన సుల్తాన్ ముఅయ్యద్ షేఖ్‌వి. అంత బరువు పాత బురుజులు ఎలా మోశాయో, లోపల గది లేని కట్టు గురించి చదివిన మీకు ఇప్పుడు చెప్పక్కర్లేదు.

అభ్యాసం: హైదరాబాద్ దగ్గరున్నవాళ్లు గోల్కొండలో బాలా హిసార్ దర్వాజాకు వెళ్లండి. గుమ్మానికి ఎదురుగా అడ్డుగోడ ఉంటుంది. మీరు నడిచిన దారిని పై నుంచి చూసినట్టు కాగితం మీద గీయండి. మలుపు దగ్గర ఆగి తలెత్తి, పై నుంచి ఎన్ని చోట్ల మిమ్మల్ని గురిపెట్టవచ్చో లెక్కపెట్టండి. దూరాన ఉన్నవాళ్లు మీ ఊరికి దగ్గరి కోటలో ఇదే చేయండి. ఆ అంకె కాగితం మూల రాసి ఉంచండి. వచ్చే పాఠంలో కందకం దగ్గర దాంతో పని ఉంది.