కానిస్టేబుల్ కంటే ముందు అమ్మకి చెప్పండి: ఆర్సీఎంలో చేరాలనుకునేవాళ్లు ఇంట్లో చెప్పే పద్ధతి

ఒడిశాలో పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు తెలుగిళ్లలో ఆర్సీఎంలో, అంటే రోమన్ కతోలిక చర్చిలో, చేరుతున్న సంగతి చెప్పడానికి ఆంధ్రాలో లేని గడువొకటి ఉంది. పొలిమేర దాటి ఆంధ్రాలోని పాతపట్నంలో జ్ఞానస్నానం (బాప్తిస్మం) తీసుకునేవాళ్లు సర్కారుకి ముందస్తుగా ఏ కాగితమూ పెట్టక్కర్లేదు. ఒడిశాలో పెట్టాలి. 1967 నాటి మత స్వాతంత్ర్య చట్టం కింద 1989లో వచ్చిన రూల్స్ ప్రకారం, మారే మనిషి "నా ఇష్టంతోనే మారుతున్నాను" అని ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ ముందు ముందుగా డిక్లరేషన్ ఇవ్వాలి. జ్ఞానస్నానం ఇచ్చే ఫాదర్ గారు తేదీ, వేళ, చోటు, మీ పేరు, చిరునామా రాసి 15 రోజుల ముందే కలెక్టరుకి తెలియజేయాలి. 1999 సవరణ తరవాత, ఎవరికైనా అభ్యంతరం ఉందా అని స్థానిక పోలీసు విచారణ కూడా దీనికి తోడైంది.

అంటే మీరు నోరు విప్పకపోయినా కబురు ఇంటికి చేరుతుంది. అరుగు మీద కూర్చున్న నాన్నని కానిస్టేబుల్ వచ్చి "మీ అబ్బాయి కిరస్తానం పుచ్చుకుంటున్నాడట, తెలుసా?" అని అడిగాక మీరు ఎంత మెత్తగా చెప్పినా లాభం లేదు. ఆయన కోపం మతం మీద సగమే, మిగతా సగం ఊరి ముందు తెల్లమొహం వెయ్యాల్సొచ్చినందుకు. అందుకే కాగితం కదలక ముందే ఇంట్లో చెప్పడం మొదటి నియమం.

పాతపట్నం వెళ్లి గుట్టుగా కానిచ్చేద్దామనే ఆలోచన చాలామందికి వస్తుంది. వద్దు. పెద్దవాళ్ల జ్ఞానస్నానం మామూలుగా సొంత విచారణ (పారిష్) గుడిలోనే జరగాలని శ్రీసభ, అంటే కతోలిక చర్చి, నియమం. 14 ఏళ్లు దాటినవాళ్ల సంగతి ముందుగా బిషప్ గారికి నివేదించాలని కూడా ఉంది. చాటుగా చేసింది బయటపడితే "ఎవరో లాక్కుపోయారు" అన్న మాటకి మీరే బలమిచ్చినట్టవుతుంది.

రోజు ఎంచుకోవడం

పెద్దవాళ్లని చేర్చుకునేది పాస్కా జాగరణ రాత్రి, ఈస్టర్ ముందు శనివారం. 2027లో ఈస్టర్ మార్చి 28న, కాబట్టి జాగరణ 27 రాత్రి. ఈస్టర్ ముందు వచ్చే తపస్సు కాలం (లెంట్) మొదటి ఆదివారం, అంటే ఫిబ్రవరి 14న, జ్ఞానస్నానానికి సిద్ధపడ్డవాళ్లని పేరుపేరునా ఎంచుకునే ఎన్నిక కర్మ ఉంటుంది. అక్కడినుంచి వెనక్కి లెక్కేసుకోండి. ఇంట్లోవాళ్లకి కనీసం ఆరు నెలలు ఇవ్వాలి. మొదటి నెల ఏడుపులకీ, రెండో నెల బంధువుల సలహాలకీ పోతుంది. అసలు మాటలు మూడో నెలకి గానీ మొదలవవు.

మహాలయ పక్షంలో అసలు చెప్పకండి. తండ్రి తన తండ్రికి తర్పణాలు వదిలే రోజుల్లో ఈ మాట ఎత్తితే ఆయన చెవిన పడేది ఒక్కటే: "రేపు నీకు వదిలేవాడు లేడు." కార్తీక మాసంలో అమ్మ ఉపవాసాల్లో ఉంటుంది, అప్పుడూ వద్దు. అందరూ వస్తారు కదా అని సంక్రాంతి మూడు రోజులూ ఎంచుకోకండి. అందరూ ఉండడమే అక్కడ ఇబ్బంది: తండ్రి ఒంటరిగా ఉంటే సర్దుకునే మాటకి తమ్ముళ్ల ముందు ఒప్పుకోలేడు.

ఇంట్లో పెళ్లి కుదిరి ఉంటే అది అయ్యేదాకా ఆగండి. ఏడాది ఆలస్యమైతే ఆత్మకి ముప్పేమో అనే భయం కతోలిక బోధ కాదు. జ్ఞానస్నానం కోసం సిద్ధపడుతున్నవారిని శ్రీసభ అప్పటికే తన మనుషులుగా లెక్కేస్తుంది, ఈలోగా చనిపోతే క్రైస్తవ అంత్యక్రియలు కూడా చేస్తుంది. చెల్లెలి పెళ్లి కోసం ఆగుతానంటే కాదనే ఫాదర్ గారు ఉండరు. మీకే సంబంధం చూస్తుంటే మాత్రం నిశ్చితార్థానికి ముందే అవతలివాళ్లకి చెప్పి తీరాలి.

18 ఏళ్లు నిండనివాళ్లు నిండేదాకా ఆగాలి. బలవంతం, ప్రలోభం, మోసం మీద శిక్ష మామూలుగా ఏడాది జైలు, 5,000 జరిమానా దాకా. మారింది మైనరో, స్త్రీయో, ఎస్సీ, ఎస్టీ మనిషో అయితే రెండేళ్లు, 10,000 దాకా వెళ్తుంది. ఆ కేసు పడేది మీ మీద కాదు, మీకు సాయపడినవాళ్ల మీద.

ఎవరికి ముందు

పెళ్లైనవాళ్లు భార్యకో భర్తకో ముందు చెప్పాలి, తల్లిదండ్రులు తరవాతే. హిందూ వివాహ చట్టం 13వ సెక్షన్ కింద ఒకరు మతం మారడం రెండోవారికి విడాకులు అడిగే కారణమవుతుంది. శ్రీసభ వైపు నుంచి మీ పెళ్లికి చిక్కేమీ లేదు, మీరొక్కరే మారినా ఆ పెళ్లి పెళ్లే, మళ్లీ కట్టనక్కర్లేదు. ఈ రెండో మాటే భార్యకో భర్తకో ముందు చెప్పండి.

పెళ్లికానివాళ్లు అమ్మతో మొదలుపెట్టి, అదే రోజు నాన్నకి చెప్పాలి. అమ్మకి చెప్పి వారం నాన్చితే ఆ వారం గుట్టు మోసే బరువంతా ఆవిడ మీద పడుతుంది, తరవాత "నీకు ముందే తెలుసా?" అన్న దెబ్బా ఆవిడకే. మూడోవాడు మేనమామ. మన ఇళ్లలో ఆయన మాట తండ్రి కోపాన్ని కిందికి దించగలదు, తనకి చివర్లో తెలిస్తే పైకీ ఎక్కించగలదు.

వేళ పొద్దున్న, టిఫిన్ అయ్యాక. సాయంత్రం ఏడు దాటితే వద్దు, కారణం అందరికీ తెలిసిందే. సూరత్‌లోనో హైదరాబాదులోనో పనిలో ఉన్నవాళ్లు సెలవు పెట్టి ఊరికి రావాలి. అస్సలు కుదరకపోతే వీడియో కాల్ చెయ్యండి, అవతల అమ్మ పక్కన అక్కో వదినో కూర్చుని ఉండాలి. వాట్సాప్ మెసేజ్ వద్దు, అది సాయంత్రానికల్లా ఊరంతా తిరుగుతుంది. మొదటిసారి ఫాదర్ గారినీ సిస్టర్ గారినీ చర్చిలో పాఠాలు చెప్పే ఉపదేశినీ వెంట తీసుకెళ్లకండి. గుమ్మంలో తెల్ల అంగీ కనపడితే ఇంట్లోవాళ్లకి మీరు కనపడరు.

ఏమనాలి

చిన్నగా, కుదురుగా చెప్పాలి. ఇలా:

"అమ్మా, నీకు చెప్పకుండా ఏదీ చెయ్యను, అందుకే ముందు నీకు చెప్తున్నాను. నేను ఆర్సీఎం చర్చికి వెళ్తున్నాను. వచ్చే ఈస్టర్‌కి జ్ఞానస్నానం తీసుకోవాలనుకుంటున్నాను. ఎవరూ నన్ను రమ్మనలేదు, డబ్బివ్వలేదు. నేను నీ కొడుకునే, ఇంట్లోంచి ఎక్కడికీ పోవట్లేదు."

ఇక్కడ ఆగిపోండి. ఎందుకు నమ్మారో వాళ్లడిగితేనే చెప్పాలి, అదీ మీ సంగతిగానే. "మీరు మొక్కేది రాయి" లాంటి మాట ఒక్కటి జారితే ఆరు నెలలూ వృథా. అలా అనడం కతోలిక పద్ధతి కూడా కాదు: 1965లో రెండో వాటికన్ మహాసభ ఇతర మతాల్లోని సత్యాన్నీ పవిత్రతనూ శ్రీసభ తోసిపుచ్చదని రాతపూర్వకంగా చెప్పింది.

మాటల ఎంపికలో ఒక సౌకర్యం ఉంది. మన కతోలికులు ఆదివారం ఆరాధనని "పూజ" అంటారు. "పూజకి వెళ్లొస్తాను" అంటే అమ్మకి అర్థమవుతుంది. "రక్షణ పొందాను", "సాక్ష్యం" లాంటి మాటలకి ఇంట్లోవాళ్లు బెదురుతారు.

ఎదురొచ్చే ప్రశ్నలు

"ఏటిరా ఇది, ఎంతిచ్చారేటి?" మొదటి ప్రశ్న ఇదే. దీనికి జవాబు ముందు నెలల్లోనే తయారవాలి. సిద్ధపడే కాలంలో చర్చి నుంచి అప్పు, ఉద్యోగం, పిల్లలకి బడిలో సీటు, ఆస్పత్రిలో రాయితీ ఏదీ తీసుకోకండి. నగదైనా వస్తువైనా ఇవ్వజూపడం చట్టం దృష్టిలో ప్రలోభమే. ఏమీ తీసుకోని మనిషి ఆ ప్రశ్నకి కళ్లలోకి చూసి జవాబు చెప్పగలడు.

రెండోది నోటితో అడగరు. "మాకు తలకొరివి ఎవరు పెడతారు?" కొడుకు మారతానన్న ఇంట్లో ఏడుపంతా దీని చుట్టూనే తిరుగుతుంది. అడిగేదాకా ఆగకుండా మీరే ఎత్తండి. దహనాన్ని శ్రీసభ 1963 నుంచి అనుమతిస్తోంది. తల్లిదండ్రుల్ని గౌరవించడం పది ఆజ్ఞల్లో నాలుగోది. కాబట్టి పాడె మొయ్యడం, వెంట నడవడం, ఖర్చు పెట్టుకోవడం వీటిల్లో వెనక్కి తగ్గక్కర్లేదు. చిక్కంతా పిండం, తర్పణం, మంత్రంతో కూడిన ఆరాధన దగ్గర. నిప్పు పెట్టడం నుంచి పదకొండో రోజు దాకా ఒక్కో పని కాగితం మీద రాసుకుని, ఏది చెయ్యొచ్చో ఏది కూడదో ఫాదర్ గారి దగ్గర ముందే తేల్చుకోండి. తరవాత తమ్ముడితో మాట్లాడి, అప్పుడు నాన్నకి చెప్పండి: "పాడె నేను మోస్తాను. పిండం తమ్ముడు పెడతాడు, వాడు ఒప్పుకున్నాడు." ఒక్కడే కొడుకైతే కూతురి కొడుకో, జ్ఞాతుల్లో ఒకరో చేసే ఆచారం ఉంది, పురోహితుడు గారినే అడగొచ్చు. ఆ క్షణం ఏడుపు ఆపడానికి "అన్నీ నేనే చేస్తాను" అని మాటివ్వకండి. శ్మశానంలో ఆ మాట తప్పితే అన్నదమ్ములు ఇరవై ఏళ్లయినా మరచిపోరు.

దీనికి అతికే మాట ఇంకొకటి ఉంది. బతికున్నవారైనా చనిపోయినవారైనా, ఎవరి కోసమైనా పూజ అర్పించే స్వేచ్ఛ కతోలిక గురువుకి (ఫాదర్‌కి) ఉంది, వాళ్లు క్రైస్తవులు కానక్కర్లేదు. తాతగారి పేరు మీద పూజ చేయించవచ్చు. నవంబరు 2న పోయినవాళ్లందరినీ తలచుకుంటారు. "వీళ్లకి పెద్దల ఊసే ఉండదు" అనుకునే తండ్రికి ఇది కొత్త సంగతి.

పేరు గురించి: క్రైస్తవ భావానికి విరుద్ధం కాని పేరైతే చాలు, పునీతుల (సెయింట్ల) పేరు తప్పనిసరి కాదు. కొత్త పేరు పెట్టుకున్నా అది చర్చి రిజిస్టర్లో ఉంటుంది. ఆధార్, పట్టా, సర్టిఫికెట్లు వాటంతటవి మారవు.

తాళి తీయక్కర్లేదు, తెలుగు కతోలికుల పెళ్లిళ్లలోనూ తాళి ఉంది. బొట్టు విషయంలో ఒక్కో ఊరిది ఒక్కో అలవాటు. హారతి, చేతులు జోడించి దండం, నేల మీద కూర్చోవడం పూజలో వాడుకోవచ్చని 1969లోనే రోము అనుమతి వచ్చింది. ప్రసాదం గొడవ మొదటి నెలలోనే వస్తుంది. మజ్జిగౌరమ్మ గుడి నుంచి తెచ్చింది చేతిలో పెడితే విసిరెయ్యడం, పాఠం చెప్పడం రెండూ వద్దు. "నాకొద్దు పెద్దమ్మా, పిల్లలకి పెట్టు" అంటే చాలు. దేవుడి గూట్లో పటాలు అమ్మవి, వాటి జోలికి పోకండి. మీ సిలువ మీ గదిలోనే ఉండనివ్వండి.

ఆస్తి, సర్టిఫికెట్

మారినంత మాత్రాన తండ్రి ఆస్తిలో మీ వారసత్వం పోదు. మారాక పుట్టే పిల్లల సంగతి వేరు: హిందూ వారసత్వ చట్టం 26వ సెక్షన్ ప్రకారం, వారసత్వం తెరుచుకునే నాటికి వాళ్లు హిందువులై ఉంటే తప్ప హిందూ బంధువుల ఆస్తికి వారసులు కారు. వీలునామాతో ఇవ్వొచ్చు. ఉమ్మడి ఆస్తి ఉంటే డిక్లరేషన్‌కి ముందే వకీలుని కలవండి, రూల్స్ ఏమైనా మారాయేమో కూడా అప్పుడే అడగండి.

ఎస్సీ కుటుంబాలవాళ్లు ఇంట్లో నోరు విప్పేముందే ఇది ఆలోచించుకోవాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతస్థులకే ఎస్సీ హోదా. జ్ఞానస్నానం తీసుకుని కూడా ఎస్సీ సర్టిఫికెట్ అడిగిన ఒకామెకి 2024లో సుప్రీంకోర్టు కుదరదంది. చర్చిలో ఒకలా, తహసిల్దారు ఆఫీసులో ఒకలా ఉండడం నడవదు. ఆంధ్రాలో క్రైస్తవులైన ఎస్సీలకి బీసీ-సి కోటా ఉంది కదా అని ఒడిశాలో లెక్కలు వేసుకోవద్దు. ఎస్టీ హోదాకి మతంతో ముడి లేదు.

బాప్టిస్టు, లూథరన్ ఇళ్లు

పర్లాకిమిడి వైపు బాప్టిస్టులు, కొరాపుట్ వైపు జయపురం లూథరన్లు తరాలుగా ఉన్నారు. ఆ ఇళ్ల నుంచి వచ్చేవాళ్లకి అక్కడ తీసుకున్న బాప్తిస్మం సరైనదైతే మళ్లీ ఇవ్వరు. విశ్వాస ప్రకటన చేసి, భద్రమైన అభ్యంగనం (నుదుట తైలం పూసే సంస్కారం), దివ్యసత్ప్రసాదం (పూజలో ఇచ్చే అప్పం) తీసుకుంటారు. పాత చర్చి నుంచి బాప్తిస్మం సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. "మా బాప్తిస్మం పనికిరాదంటున్నారా?" అనే తండ్రికి "పనికొస్తుంది కాబట్టే మళ్లీ ఇవ్వట్లేదు" అనేదే జవాబు. మరియమాత గురించిన వాదన ఎలాగూ వస్తుంది, ఒక్క పూటలో తేలదు.

మాట చెడితే

అమ్మ భయం అమ్మవారి కోపం గురించే కాకపోవచ్చు. 2008 ఆగస్టులో పక్కనే కంధమాల్‌లో క్రైస్తవుల ఇళ్లు, చర్చిలు తగలబడ్డ రోజులు ఈ జిల్లాల్లో ఎవరూ మరచిపోలేదు. "ఏమీ కాదులే" అని కొట్టిపారెయ్యకండి. ఊర్లో ఎవరికి చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో ఆవిడనే అడగండి. ఫేస్‌బుక్‌లో ఫోటోలు, వాట్సాప్ స్టేటస్ పెట్టకండి. చెల్లెల్నీ స్నేహితుణ్ణీ వెంట లాగకండి.

గదిలో పెట్టి తాళం వేసినా, ఫోన్ లాక్కున్నా, చెయ్యి చేసుకున్నా ఓర్చుకుంటూ కూర్చోనక్కర్లేదు. అత్యవసరానికి 112, ఆడవాళ్లకి 181, ఉచిత న్యాయ సాయానికి 15100. ఆధార్, సర్టిఫికెట్ల నకళ్లు నమ్మకమైన బంధువు ఇంట్లో ముందే ఉంచండి. సామాన్యంగా అంతదూరం రాదు. ఎక్కువ ఇళ్లలో జరిగేది మౌనం: అన్నం పెడతారు, మాట్లాడరు. ఇంటి పనుల్లో ఏ మార్పూ లేకుండా చేస్తూ పొండి, నాన్న మందులు తెచ్చేది మీరైతే మీరే తేవాలి.

ఆ రాత్రికి పిలిస్తే

వస్తామంటే ఏం జరుగుతుందో ముందే చెప్పండి. దీపాలన్నీ ఆర్పేసి, బయట నిప్పు రాజేసి, పెద్ద కొవ్వొత్తి వెలిగించి చీకట్లో లోపలికి తెస్తారు. పఠనాలు చాలా సేపు సాగుతాయి, ఈ వైపు చర్చిల్లో ఎక్కువగా ఒడియాలో. ఒక్క చోట జాగ్రత్త. దివ్యసత్ప్రసాదానికి అందరూ వరసలో లేస్తారు, ప్రసాదమే కదా అని అమ్మ కూడా లేచి చెయ్యి చాస్తుంది. అది కతోలికులకే ఇస్తారు. అక్కడ చెయ్యి వెనక్కి తీసుకోవాల్సి వస్తే ఆ చిన్నతనం మీరెన్ని చెప్పినా పోదు. ముందే చెప్పి, తెలిసిన ఒకావిడని పక్కన కూర్చోబెట్టండి. జ్ఞానస్నానంలో మీకు తోడు నిలిచే జ్ఞాన తల్లిని కాదు, ఆమె మీ పక్కన నిలబడాలి. పూజ అయ్యేసరికి బస్సులుండవు. తిరుగు ఆటో సాయంత్రమే మాట్లాడి పెట్టుకోండి.