సేంద్రియ కూరగాయలు కలిసి అమ్మేవాళ్లు విత్తేటప్పుడే మాట్లాడుకోండి

నలుగురైదుగురు కలిసి సరఫరా చేసేటప్పుడు దెబ్బతినేది ఎక్కువగా విత్తే తేదీ దగ్గరే. అందరూ ఒకే వారం బెండ వేస్తే 45-50 రోజులకు అందరి కాయా ఒకేసారి వచ్చిపడుతుంది, ఆ తర్వాత కొనేవాడు అడిగినా ఉండదు. అందుకే 15 రోజుల తేడాతో వంతులు వేసుకోండి. బీర, చిక్కుడు లాంటివాటికీ ఇదే లెక్క. ఆకుకూరలకైతే వారం తేడా చాలు, కొత్తిమీర పూతకొస్తే ఎవరూ ముట్టరు కదా.

బెండ రోజు విడిచి రోజు కోయాల్సిందే. ఒక్క కోత తప్పితే కాయ ముదురుతుంది. తొడిమకు ఎదురుగా ఉన్న కొన వంచితే టక్కున విరగాలి, పీచుగా వంగిపోతే ఆ కాయ పక్కన పెట్టేయండి.

అందరి సరుకూ ఒకే కుప్పలో మాత్రం పోయకండి. క్రేటుకో చీటీ కట్టి రైతు నంబరు, కోసిన తేదీ రాయండి. పరీక్షలో ఎక్కడైనా మందు అవశేషం కనబడితే ఆ ఒక్కరి క్రేట్లే ఆగుతాయి; కలిపేస్తే లోడంతా వెనక్కే.

ఇంకొకటి, పండిన అరటి, టమాటాల పక్కన ఆకుకూరలు, కీర దోస ఎక్కించొద్దు. పండ్ల నుంచి వచ్చే ఇథిలీన్ వాయువుకు అవి త్వరగా పసుపెక్కుతాయి.