టేకు పనిలో నిలబడాలంటే

ముషీరాబాద్ టింబర్ డిపోల దగ్గర ఇరవై రెండేళ్లుగా వడ్రంగి షాపు నడుపుతున్నాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న కుర్రాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ముందు లెక్క నేర్చుకోండి. కర్రకు ధర సీఎఫ్‌టీ (ఘనపుటడుగు) చొప్పున కడతారు. పొడవు అడుగుల్లో, వెడల్పు, మందం అంగుళాల్లో కొలిచి, మూడూ గుణించి 144తో భాగించాలి. ఉదాహరణకు ఒక గుమ్మం ఫ్రేముకు ఏడడుగుల నిలువులు రెండు, నాలుగడుగుల అడ్డాలు రెండు, గడపతో సహా 22 అడుగులు. 5×3 అంగుళాల సైజైతే 2.3 సీఎఫ్‌టీ దాకా వస్తుంది. కోత, చిత్రిక తరుగు విడిగా కలపండి. అది మర్చిపోతే మీ కూలి అందులోనే పోతుంది.

కొనేటప్పుడు కోసిన కొస మీద తడిగుడ్డతో తుడిచి చూడండి. చేవ, అంటే లోపలి గట్టిభాగం, ముదురు రంగులో తేలుతుంది, అంచున పాలిపోయిన తెల్లభాగం కనిపిస్తుంది. చెదలు, పురుగు ముందు పట్టేది ఆ తెల్లభాగాన్నే.

ఆదిలాబాద్ టేకుకు పేరుంది, కానీ మార్కెట్లో ఘానా, ఈక్వడార్ నుంచి వచ్చే కర్ర కూడా చాలా ఉంది. డాలర్ కదిలితే దాని రేటు కదులుతుంది. అందుకే నా కోటేషన్ మీద "15 రోజులే చెల్లుతుంది" అని రాస్తాను. బిల్లు లేని కర్ర ఎంత చవకైనా ముట్టుకోవద్దు.

కిటికీల పని చాలావరకు యూపీవీసీకి, అంటే గట్టి ప్లాస్టిక్ ఫ్రేములకు వెళ్లిపోయింది. దాని కోసం రేటు తగ్గించుకుని టెన్షన్ పడకండి. సింహద్వారం, పూజామందిరం ఇంకా టేకులోనే అడుగుతున్నారు. పాత ఇళ్లు కూల్చినప్పుడు వచ్చే దూలాలు కూడా కొని పెట్టుకోండి. మేకులన్నీ పీకాకే రంపానికి పెట్టండి.