గంటకు 50 కిలోల ఆవిరి: లోపల ఎండిపోని కాయిల్ కట్టడం

మా షెడ్డులో కిటికీ పక్కన ఒక పైపు ముక్క వేలాడుతూ ఉంటుంది. జానెడు పొడవు, నిలువునా కోసింది. కింది సగం మామూలుగానే ఉంటుంది. పై సగం మాత్రం నల్లగా, నీలంగా మాడి, ఒకచోట బొబ్బలా ఉబ్బింది. ఆ బొబ్బ మధ్యలో వెంట్రుకవాసి చీలిక. నేను సొంతంగా కట్టిన మొదటి ఫ్లాష్ బాయిలర్ తాలూకు ముక్క అది. ఒక డ్రైక్లీనింగ్ షాపులో ఏడు నెలలు నడిచి చిల్లు పడింది. కాయిల్ కట్టించుకుందామని ఆటోనగర్‌లో మా షెడ్డుకు ఎవరొచ్చినా ముందు దాన్ని చేతికిస్తాను. దాని తర్వాత కట్టినవన్నీ ఆ ముక్క చెప్పినట్టు విని కట్టినవే.

ఫ్లాష్ బాయిలర్‌లో డ్రమ్ము ఉండదు. చుట్టగా చుట్టిన ఒకటే పొడవాటి పైపు, కాయిల్ అనేది దాన్నే. ఒక చివర పంపు చన్నీళ్లు తోస్తుంది, మధ్యలో మంట, రెండో చివర ఆవిరి. లోపల ఉండే నీళ్లు రెండు మూడు బిందెలకు మించవు కాబట్టి మీట నొక్కిన నాలుగైదు నిమిషాల్లో ఆవిరి వస్తుంది, పొరపాటున పగిలినా డ్రమ్ము బాయిలర్ అంత ప్రమాదం ఉండదు. ఈ పద్ధతిని 1880లలో పేరుకు తెచ్చినవాడు ఫ్రాన్సుకు చెందిన లియోన్ సెర్పొలే. 1902లో నీస్ నగరంలో తన ఆవిరి కారును గంటకు 120 కిలోమీటర్లు దాటించాడు. తర్వాత అమెరికాలో వైట్, డోబుల్ కార్లూ ఇదే దారిలో నడిచాయి. వాళ్లకు కావలసింది ఇంజను తిప్పే పొడి ఆవిరి, అంటే ఆవిరిని ఇంకా కాల్చి వేడెక్కించింది. మనకు ఉడకాల్సింది ఇడ్లీ, సాంబారు. పొడి ఆవిరితో పనేముంది? ఆ ఒక్క తేడాను పట్టుకుంటే కాయిల్ ఏళ్లతరబడి నడుస్తుంది. పైపు లోపల ఎక్కడా ఎండిపోకూడదు. చివరి చుట్టు నుంచి బయటికొచ్చేది కూడా కొంచెం నీళ్లతో కలిసే రావాలి.

నేను లెక్క చెప్పేది ఆరేడు వందల మంది తినే హాస్టల్ వంటశాలకు సరిపడే యూనిట్: గంటకు 50 కిలోల ఆవిరి, 5 కేజీల ప్రెషర్ (అంటే చదరపు సెంటీమీటరుకు 5 కిలోలు), డీజిల్ బర్నర్.

చట్టం మాట ముందే చెప్పుకుందాం. నీళ్లు లోపలికొచ్చే ఫీడ్ చెక్ వాల్వు నుంచి ఆవిరి బయటికెళ్లే మెయిన్ స్టీమ్ వాల్వు దాకా లోపలి ఖాళీ 25 లీటర్ల లోపు ఉంటే అది చట్టం లెక్కలో బాయిలర్ కాదు. 1923 నాటి చట్టం పోయి 2025లో కొత్తది వచ్చినా ఈ గీత మారలేదు. నాన్ ఐబీఆర్ (ఇండియన్ బాయిలర్ రెగ్యులేషన్స్ కిందికి రానివి) అని మార్కెట్లో అనేది వీటినే. చాలామంది కాయిల్ ఒక్కదాన్నే కొలిచి ఊరుకుంటారు. ఆవిరి నుంచి నీళ్లను వేరుచేసే సెపరేటర్ కూడా ఆ రెండు వాల్వుల మధ్యే ఉంది కదా, అదీ కలపాలి. ఇన్‌స్పెక్టర్ రాడు కదా అని మందం తగ్గిస్తే మాత్రం, మీకూ నాకూ మాటల్లేవు.

30 డిగ్రీల నీటిని 5 కేజీల ఆవిరిగా మార్చడానికి కిలోకు సుమారు 628 కిలోకేలరీలు పడుతుంది. 50 కిలోలకు 31,400. లీటరు డీజిల్‌లో దాదాపు 8,500 ఉంటాయి, నూటికి 85 వంతులు మనకు దక్కితే గంటకు 4.3 లీటర్లు. అంటే డీజిల్‌ను చిమ్మే నాజిల్ 1.00 గ్యాలన్‌ది, పది కేజీల ఆయిల్ ప్రెషర్. ఇంతకన్నా పెద్ద నాజిల్ వేసి త్వరగా ఆవిరి తెప్పిద్దామని అందరికీ ఉంటుంది. వద్దు. మిగతా కొలతలన్నీ ఈ మంటకు కుట్టిన చొక్కా.

ఇప్పుడు పైపు. నా మొదటి కాయిల్ అంగుళం పైపుతో చుట్టాను. లోపల నీళ్లు ఎక్కువుంటే మంచిదే కదా అనుకున్నాను. నిమిషానికి లీటరు నీళ్లు అంగుళం పైపులో సెకనుకు మూడు సెంటీమీటర్లు కదులుతాయి, చీమ నడకలాగా. ఆవిరి పుట్టాక కూడా వేగం చాలదు. దాంతో నీళ్లు పైపు అడుగున కాలవలా పారతాయి, ఆవిరి పైన పోతుంది. పై సగానికి తడి తగలదు, ఇనుము మాడుతుంది. కిటికీ పక్కన వేలాడే ముక్క కథ అదే. అర అంగుళం పైపులో అయితే చివరికొచ్చేసరికి ఆవిరి సెకనుకు 30 మీటర్ల దాకా ఉరుకుతుంది, నీటిని చుట్టూ గోడలకు పూసుకుంటూ పోతుంది. కాబట్టి అర అంగుళం, షెడ్యూల్ 80 (ఇది మందం లెక్క), ఏ106 గ్రేడ్ బి (ఇది ఇనుము రకం), సీమ్‌లెస్, అంటే అతుకు లేనిది. గోడ మందం 3.73 మిల్లీమీటర్లు. నిజానికి 5 కేజీల ప్రెషర్‌ను ఆపడానికి అందులో పదో వంతు కూడా అక్కర్లేదు. మిగతాదంతా తుప్పుకు, వంచేటప్పుడు సాగి పలచబడేదానికి, మన తప్పులకు.

స్టీలు పైపు వేద్దామండీ, మెరుస్తూ ఉంటుంది అనేవాళ్లున్నారు. 304 స్టీలుకు క్లోరైడు ఉన్న వేడినీళ్లు తగిలితే సన్నటి పగుళ్లు పుడతాయి. మా వైపు బోరు నీళ్లలో ఉప్పుకు కొదవ లేదు. పైగా వేడిని లోపలికి పంపడంలో మామూలు ఇనుము దానికి మూడు రెట్లు మేలు. రాగి ఇంకా బాగా పంపుతుంది గానీ, ఒక్కసారి నీళ్లు ఆగితే మెత్తబడిపోతుంది.

ఆరు మీటర్ల పైపులు ఆరు కొనండి. 36 మీటర్లు, బరువు 58 కిలోలు, బయటి వైశాల్యం 2.4 చదరపు మీటర్లు, లోపల పట్టేది ఐదున్నర లీటర్లు. ఈ మంటకు ఇంకా తక్కువ పైపుతో కూడా కట్టొచ్చు, ధర తగ్గించాలనుకునేవాళ్లు కడతారు కూడా. పొగ వేడి 22 డిగ్రీలు తగ్గితే డీజిల్ నూటికి ఒక వంతు మిగులుతుంది. అదనంగా వేసిన పైపు డబ్బు అలా తిరిగొస్తుంది.

లోపలి కాయిల్‌ను పది అంగుళాల పైపు మీద చుట్టాలి. దాని బయటి కొలత 273 మిల్లీమీటర్లు. వదలగానే కాయిల్ కాస్త విచ్చుకుని 280 దగ్గర ఆగుతుంది. 22 చుట్లు, ఒకదానికొకటి ఆనుకుని, సందు లేకుండా. ఎత్తు 47 సెంటీమీటర్లు వస్తుంది. మంట ఎదుటి గోడకు తగలకుండా పూర్తిగా కాలడానికి ఆ మాత్రం పొడవు కావాలి. బయటి కాయిల్‌ను 14 అంగుళాల పైపు మీద పన్నెండు చుట్లకు పైగా, అదే ఎత్తు వచ్చేలా చుట్టు చుట్టుకు ఒక వేలి సందిచ్చి చుట్టండి. చుట్టే ముందు పైపులో ఎండిన సన్న ఇసుక దట్టించి రెండు చివరలా బిగించాలి. ఇసుకలో చెమ్మ ఉంటే, వేడి చేసినప్పుడు మూత తుపాకీ గుండులా వస్తుంది. జాయింట్లు టిగ్ వెల్డింగే, చుట్టకముందే. లోపలి కాయిల్‌లో మొదటి పైపు బర్నర్ దగ్గర మొదలుపెడితే ఆరు చుట్లు దాటాకే తొలి జాయింటు వస్తుంది. మంట తీవ్రంగా ఉండేచోట వెల్డింగు పడదు.

నీళ్లు ఎటు నుంచి ఎటు పోవాలన్నది చాలా డ్రాయింగుల్లో తలకిందులుగా ఉంటుంది. బర్నర్ కింద ఉంది, మంట పైకి. పైన సిరామిక్ మూత ఉంటుంది కాబట్టి పొగ అక్కడ తిరిగి, రెండు కాయిల్స్ మధ్య నుంచి కిందికి దిగి, అడుగు పక్క నుంచి చిమ్నీకి పోతుంది. చన్నీళ్లు ముందు బయటి కాయిల్ అడుగున, పొగ చల్లారిన చోట ప్రవేశించి పైకెక్కాలి. అక్కడి నుంచి ఒక పైపు కేసింగ్ బయటగా కిందికి దింపి, లోపలి కాయిల్ అడుగుకు, అంటే మంట మొదట్లోకి ఇవ్వాలి. పైకెళ్లేకొద్దీ ఆవిరి పెరుగుతుంది, మంట తీవ్రత తగ్గుతుంది. నీళ్లు ఎక్కువున్న చోట మంట ఎక్కువ, ఆవిరి ఎక్కువున్న చోట మంట తక్కువ. వైట్ కారులో నీళ్లు పైన చేరి, ఆవిరి కింద మంట దగ్గర బయటికొచ్చేది. దాన్ని చూసి కాపీ కొడితే మళ్లీ బొబ్బలే.

కేసింగ్ లోపల రెండు అంగుళాల సిరామిక్ ఫైబర్ దుప్పటి, ఘనపు మీటరుకు 128 కిలోల సాంద్రతది. దానిపైన ఇంకో రెండు అంగుళాల రాక్‌ఊల్. ముక్కుకు గుడ్డ కట్టుకోకుండా దాన్ని కోయకండి.

ఆవిరి, నీళ్లు కలిసి బయటికొస్తాయి కాబట్టి వేరు చేయాలి. నాలుగంగుళాల పైపు, రెండడుగుల ఎత్తు, రెండు వైపులా మూతలు. కాయిల్ నుంచి వచ్చే పైపును పక్కకు ఒరిపించి అతకండి, లోపల గిర్రున తిరిగి నీళ్లు గోడకు అంటి జారతాయి. ఆవిరి పై నుంచి, నీళ్లు అడుగున ఫ్లోట్ ట్రాప్ (ఆవిరిని ఆపి నీళ్లనే వదిలే వాల్వు) నుంచి. సెపరేటర్ ఐదు లీటర్లు, కాయిల్ ఐదున్నర, మిగతా పైపులు కలిపినా పన్నెండు దాటదు. చట్టానికీ సరే. సేఫ్టీ వాల్వు 7 కేజీలకు పెట్టి సెపరేటర్ మీదే బిగించాలి. కాయిల్‌కూ దానికీ మధ్య ఏ వాల్వూ ఉండకూడదు. అన్నీ బిగించాక సేఫ్టీ వాల్వు విప్పి, ఆ చోట ప్లగ్గు పెట్టి, చన్నీళ్లతో 15 కేజీలకు ఎక్కించి అరగంట చూడండి.

పంపు గంటకు 60 లీటర్లు తోస్తుంది, అందులో 50 ఆవిరిగా పోతే 10 లీటర్లు సెపరేటర్ అడుగున దిగుతాయి. "వేడినీళ్లు డ్రైనేజీలో పోస్తున్నావా బాబాయ్?" అని మా కుర్రాడు మొదట్లో అడిగాడు. వాటి వేడి వదలం. ఆ నీళ్లను ఫీడ్ ట్యాంకులో ముంచిన చిన్న రాగి చుట్ట గుండా పంపితే, లోపలికెళ్లే నీళ్లు 30 నుంచి 45 డిగ్రీలు దాటి వేడెక్కుతాయి. ఆ తర్వాత పారబోయాల్సిందే, ఎందుకంటే ఉప్పంతా వాటిలోనే ఉంది.

ఆ ఉప్పు సంగతే అసలు సంగతి. బోరు నీళ్ల కఠినత్వం లీటరుకు 600 మిల్లీగ్రాములు ఉందనుకోండి. రోజుకు ఎనిమిది గంటలు, 480 లీటర్లు. లోపలికి పోయే సున్నం రోజుకు 288 గ్రాములు, నెలకు ఏడు కిలోల పైనే. ఐదున్నర లీటర్ల పైపులోకి! ఆవిరి సున్నాన్ని మోసుకుపోదు, అదంతా గోడకు గార కడుతుంది. గార ఇనుముకన్నా పదుల రెట్లు తక్కువగా వేడిని పంపుతుంది కాబట్టి నీళ్లు అవతల ఉన్నా ఇనుము ఇవతల కాలిపోతుంది. నీళ్లలోని సున్నాన్ని తీసేసే సాఫ్ట్‌నర్ లేకుండా కాయిల్ ఇమ్మంటే నేను అడ్వాన్సు తీసుకోను. సాఫ్ట్‌నర్ వచ్చాక కూడా సున్నం స్థానంలో సోడియం ఉప్పు ఉంటుంది. అది నీళ్లలో కరిగి ఉన్నంతసేపూ హాని లేదు, పైపు ఎండిన చోటే పేరుకుంటుంది. పారబోసే ఆ 10 లీటర్లు దాన్ని మోసుకుపోతాయి. ఆర్వో నీళ్లు ఇంకా మంచివి కదా అంటారు. గార పట్టదు నిజమే, కానీ వాటికి పీహెచ్ తక్కువ, ఇనుమును తినేస్తాయి. వాడితే కొంచెం కాస్టిక్ కలిపి పీహెచ్ తొమ్మిది దగ్గరికి తేవాలి. నీళ్లు ఎర్రగా వస్తే వాటిలోని ఆక్సిజన్ ఇనుమును తింటోందని గుర్తు. ఆవిరి నేరుగా ఇడ్లీకి తగులుతుంది కాబట్టి మందులేవీ ఇష్టమొచ్చినట్టు కలపొద్దు. ఆహారానికి పనికొచ్చేవేనా అని కనుక్కోండి.

కంట్రోళ్లు ఎన్నో ఉండక్కర్లేదు. నీళ్లు కదలకపోతే బర్నర్ వెలగకుండా ఫ్లో స్విచ్చు. 5 కేజీలకు ఆర్పి 4కు వెలిగించే ప్రెషర్ స్విచ్చు. లోపలి కాయిల్ చివరి చుట్టుకు బిగించిన, వేడి కొలిచే థర్మోకపుల్. మూడోది నా దృష్టిలో కాపలాకుక్క. తడి ఆవిరి వేడి ప్రెషర్‌ను బట్టే ఉంటుంది: 3 కేజీలకు 143 డిగ్రీలు, 4కు 151, 5కు 158. పైపుకు బయట బిగిస్తాం కాబట్టి కాస్త ఎక్కువ చూపిస్తుంది. అంతకు మించి పెరుగుతోందంటే లోపల ఎండుతోంది. 180 దగ్గర బర్నర్ ఆగేలా, చేత్తో రీసెట్ చేస్తేనే మళ్లీ వెలిగేలా పెట్టండి. బర్నర్ ఆగాక పంపు ఇంకో రెండు నిమిషాలు తిరగాలి. పంపు ప్లంజర్ రకం, అంటే దారి మూసుకున్నా దాని కడ్డీ నీళ్లను తోస్తూనే ఉంటుంది కాబట్టి దాని డెలివరీలోనూ (నీళ్లు బయటికొచ్చే వైపు) ఒక రిలీఫ్ వాల్వు ఉండాలి. ఫీడ్ ట్యాంకు పంపుకన్నా ఐదడుగులు పైన ఉంటే వేడినీళ్లకు గాలి పట్టదు.

రాత్రి ఆపేటప్పుడు ప్రెషర్ కేజీకి దిగాక అడుగు డ్రెయిన్ తెరవండి. ఆవిరే నీళ్లను తోసేస్తుంది, వేడి ఇనుము తనంతట తానే ఆరుతుంది. ఎక్కువ రోజులు సెలవైతే నిండా నింపి మూసేయండి. సగం నీళ్లు, సగం గాలి ఉంచితే మాత్రం మంట పెట్టకుండానే పైపు తుప్పుకు పోతుంది.

చివరగా రెండు ప్రెషర్ గేజీలు: ఒకటి పంపు డెలివరీ మీద, ఇంకోటి సెపరేటర్ మీద. కొత్త కాయిల్‌లో రెండింటి మధ్య తేడా అర కేజీ దగ్గర ఉంటుంది. రోజూ ఉదయం మంట నిలకడగా ఉన్నప్పుడు ఆ తేడాను పుస్తకంలో రాయించండి. అది కేజీ దాటిందంటే గార దారిని ఇరుకు చేస్తోంది, సల్ఫామిక్ యాసిడ్‌తో కడగాలి, తర్వాత సోడాతో. గుంటూరు దగ్గర ఒక హాస్టల్లో వంటమేస్త్రీ ఆ పుస్తకాన్ని పాల లెక్కల వెనక పేజీల్లోనే రాస్తున్నాడు. మొన్న వెళ్లి చూశాను. 0.6 ఉంది.